కాళ్ళు నిలవవు, కంటికి కునుకు రాదు

కొండపల్లి అనగానే బొమ్మలు గుర్తుకు వస్తాయి. దశావతారాలు, ఏనుగు అంబారీ, ఎడ్లబండి, తాడిచెట్టు ఎక్కే మనిషి. ఇవన్నీ తెల్ల పొణికి చెక్కతో చేస్తారు. చెక్కను చెక్కాలి. ముక్కలు అతకాలి. చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపి మక్కు పట్టించాలి. సన్నని కుంచెతో రంగులు వెయ్యాలి. ఇదంతా కూర్చుని చేసే పని. ఆడవాళ్ళూ మగవాళ్ళూ గంటల తరబడి నేల మీద కూర్చుంటారు.

కొండపల్లిలో అందరూ బొమ్మలే చెయ్యరు. కొందరు ఫ్యాక్టరీ పనికి వెళ్తారు. కొందరు ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రంలో రాత్రి డ్యూటీ చేస్తారు. చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు కలుపు తీస్తారు. మిర్చి కోస్తారు. నాట్లు వేస్తారు. సాయంత్రానికి అందరి కాళ్ళూ అలిసిపోతాయి. పడుకుంటే హాయిగా ఉంటుంది. తెల్లారేసరికి కాళ్ళు తేలికపడతాయి.

కానీ కొందరి సంగతి వేరు. వాళ్ళకు పడుకుంటేనే బాధ మొదలవుతుంది.

ఏమిటా బాధ?

పగలంతా బాగానే ఉంటారు. పొద్దుగూకుతుంది. అన్నాలు అవుతాయి. చాప మీద నడుం వాలుస్తారు. అంతే, కాళ్ళలో ఏదో మొదలవుతుంది. అది నొప్పి కాదు. మంట కాదు. తిమ్మిరి కూడా కాదు. ఏమిటో చెప్పలేరు.

"కాళ్ళు తీపులు తీస్తున్నాయి" అంటారు కొందరు. "పిక్కల లోపల పురుగులు పాకినట్టుంది" అంటారు కొందరు. "ఎముకలో జిలజిలా ఉంది", "ఎవరో లోపల్నించి లాగుతున్నారు" అంటారు ఇంకొందరు.

మాటలు వేరైనా బాధ ఒకటే. కాళ్ళు కదపాలి అనిపిస్తుంది. కదపకుండా ఉండలేరు. కదిపితే ఊరట. ఆపితే మళ్ళీ మొదలు. అటు దొర్లుతారు. ఇటు దొర్లుతారు. లేచి వాకిట్లో పచార్లు చేస్తారు. కొందరు చీర అంచుతోనో, తువాలుతోనో పిక్కలు బిగించి కడతారు. కొందరు పిల్లల్ని పిలిచి కాళ్ళు తొక్కించుకుంటారు. తెల్లవారుజామున ఎప్పుడో కునుకు పడుతుంది. అప్పటికి కోడి కూస్తుంది. లేచి పనిలో పడాలి.

నిద్ర లేని మనిషికి పగలు తల దిమ్ముగా ఉంటుంది. విసుగు వస్తుంది. పని సాగదు. కుంచె పట్టిన చెయ్యి వణుకుతుంది. యంత్రం దగ్గర నిలబడిన వాడికి కన్ను మూతపడితే ప్రమాదం.

ఇంట్లో వాళ్ళు ఏమంటారు? "కాళ్ళు ఊపకు, ఇంటికి అరిష్టం" అంటారు పెద్దలు. "పని తప్పించుకోవడానికి వేషాలు" అంటారు కొందరు. "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించేవాళ్ళూ ఉన్నారు. "ముసలితనం, మందేముంది" అని వదిలేసేవాళ్ళూ ఉన్నారు.

ఇవేవీ నిజం కాదు. ఇది ఒక జబ్బు. దీనికి పేరుంది. కారణాలున్నాయి. చాలామందికి తగ్గే దారి కూడా ఉంది.

జబ్బు పేరేమిటి?

డాక్టర్లు దీన్ని రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అంటారు. కాళ్ళు నిలవని జబ్బు అని అర్థం. ఇక్కడ సులువుగా 'కాళ్ళ తీపుల జబ్బు' అని చెప్పుకుందాం.

ఇది కొత్త జబ్బు కాదు. ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన 1672లోనే దీని గురించి రాశాడు. మంచం ఎక్కగానే కాళ్ళూ చేతులూ నిలవక, నిద్రపోలేని మనుషుల్ని ఆయన చూశాడు. తర్వాత చాలాకాలం ఎవరూ దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1945లో స్వీడన్ దేశపు వైద్యుడు కార్ల్ ఎక్‌బామ్ ఎంతోమంది రోగుల్ని పరీక్షించి ఒక పుస్తకం రాశాడు. జబ్బుకు ఈ పేరు పెట్టింది ఆయనే. అందుకే దీన్ని ఎక్‌బామ్ జబ్బు అని కూడా అంటారు.

ఐరోపా, అమెరికాల్లో నూటికి 5 నుంచి 10 మందికి ఈ బాధ ఉంటుంది. ఆసియా దేశాల్లో ఇంతకంటే తక్కువ. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకు ఎక్కువ. సుమారు రెట్టింపు. వయసు పెరిగే కొద్దీ పెరుగుతుంది. పిల్లలకూ రావచ్చు. "ఎదిగే పిల్లాడు, కాళ్ళు లాగుతాయిలే" అని పెద్దలు సర్దిచెబుతారు. కొన్నిసార్లు అది ఈ జబ్బే కావచ్చు.

నాలుగు గుర్తులు

కాళ్ళు నొప్పి పెట్టిన ప్రతిసారీ ఈ జబ్బు అనుకోకూడదు. దీనికి నాలుగు గుర్తులున్నాయి. నాలుగూ ఉండాలి.

1. కాళ్ళు కదపాలని ఆపుకోలేనంత కోరిక పుడుతుంది. కాళ్ళలో ఏదో తెలియని ఇబ్బంది ఉంటుంది.

2. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు మొదలవుతుంది. లేదా ఎక్కువవుతుంది.

3. లేచి నడిస్తే, కాళ్ళు చాపి ముడిస్తే తగ్గుతుంది. కదులుతున్నంతసేపూ హాయిగా ఉంటుంది.

4. సాయంత్రం, రాత్రి ఎక్కువ. పొద్దున తక్కువ.

ఈ నాలుగూ ఉన్నా, వేరే జబ్బేదో ఇలా కనిపిస్తోందేమో డాక్టరు చూస్తాడు.

ఇంకో సంగతి. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో చాలామందికి నిద్రలో కాళ్ళు ఎగిరెగిరి పడతాయి. వాళ్ళకు తెలియదు. పక్కన పడుకున్నవాళ్ళకు తెలుస్తుంది. "రాత్రంతా తన్నుతూనే ఉన్నావు" అంటే కోప్పడకండి. అది డాక్టరుకు చెప్పాల్సిన మాట.

ఏది ఈ జబ్బు కాదు?

పిక్క పట్టేయడం వేరు. అప్పుడు కండ రాయిలా గట్టిపడుతుంది. ప్రాణం పోయేంత నొప్పి. కాసేపు రుద్దితే పోతుంది.

కాలు మొద్దుబారడం వేరు. ఒకే తీరున కూర్చుంటే కాలికి తిమ్మిరి ఎక్కుతుంది. కాలు మార్చగానే పోతుంది.

కాళ్ళ మీద నరాలు ఉబ్బడం వేరు. ఎక్కువసేపు నిలబడితే కాళ్ళు బరువెక్కుతాయి. పడుకుని కాళ్ళు ఎత్తు మీద పెడితే తగ్గుతుంది. కాళ్ళ తీపుల జబ్బు దీనికి పూర్తిగా ఎదురు. పడుకుంటే ఎక్కువవుతుంది.

కీళ్ళ నొప్పులు వేరు. అవి నడిస్తే ఎక్కువవుతాయి. ఇది నడిస్తే తగ్గుతుంది.

ఎందుకు వస్తుంది?

బాధ కాళ్ళలో ఉంటుంది. తప్పు కాళ్ళలో లేదు. ఈ సంగతే చాలామందికి తెలియదు. అందుకే కాళ్ళకు నూనెలు రాస్తారు. కట్లు కడతారు. కాసేపు సుఖంగా ఉంటుంది. జబ్బు మాత్రం పోదు.

శరీరం కదలికలను మెదడు నడిపిస్తుంది. అందుకు మెదడులో కొన్ని రసాయనాలు పనిచేస్తాయి. వాటిలో ఒకదాని పేరు డోపమిన్. డోపమిన్ తయారు కావాలంటే ఇనుము కావాలి. మెదడుకు ఇనుము చాలకపోతే ఆ పని చెడుతుంది. అప్పుడు కాళ్ళు కదపమని ఊరికే కబురు వస్తూ ఉంటుంది. డోపమిన్ పని పగటికీ రాత్రికీ మారుతూ ఉంటుంది. అందుకే పొద్దుగూకాక బాధ ఎక్కువ అంటారు శాస్త్రవేత్తలు.

ఇనుముకూ ఈ జబ్బుకూ సంబంధం ఉందని ఎక్‌బామ్ కాలంలోనే గమనించారు. 1953లో స్వీడన్‌లోనే నార్డ్‌లాండర్ అనే వైద్యుడు రోగులకు నరంలోకి ఇనుము మందు ఎక్కించాడు. వాళ్ళకు బాధ తగ్గింది.

అంటే, కారణాలు ఎన్ని ఉన్నా మొదట వెతకాల్సింది ఇనుము లోపాన్ని. ఇది మన ఊళ్ళకు చాలా ముఖ్యమైన మాట.

ఇనుము ఎందుకు తగ్గుతుంది?

రక్తం ఎర్రగా ఉండటానికి ఇనుమే కారణం. రక్తంలో ఇనుము తగ్గితే రక్తహీనత వస్తుంది. 2019-21లో దేశమంతా కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంటే ఇద్దరిలో ఒకరి కంటే ఎక్కువ.

ఎందుకిలా?

ఆడవాళ్ళకు నెలనెలా రక్తం పోతుంది. కొందరికి మరీ ఎక్కువ పోతుంది. "ఆడదానికి ఇది మామూలే" అని ఊరుకుంటారు. కాన్పులో రక్తం పోతుంది. కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం లేకపోతే పోయిన రక్తం తిరిగి పట్టదు.

ఇంట్లో అందరూ తిన్నాకే ఇల్లాలు తింటుంది. కూర అడుగంటుతుంది. మజ్జిగ, పచ్చడి మిగులుతాయి. పొట్ట నిండుతుంది. ఇనుము అందదు.

కొంకి పురుగులు ఇంకో కారణం. ఆరుబయట మలవిసర్జన చేసిన చోట ఈ పురుగుల పిల్లలు మట్టిలో ఉంటాయి. చెప్పులు లేకుండా నడిస్తే అరికాలి చర్మం లోంచి లోపలికి పోతాయి. పేగులకు అతుక్కుని రక్తం తాగుతాయి. తడి నేలలో, పొలంలో వట్టి కాళ్ళతో తిరిగేవాళ్ళకు ఈ ముప్పు ఉంది.

మొలల వల్ల, కడుపులో పుండు వల్ల కూడా రక్తం పోతుంది. మలం తారులా నల్లగా వస్తే అది లోపల రక్తం పోతున్న గుర్తు కావచ్చు. మగవాళ్ళయినా ఆడవాళ్ళయినా వెంటనే డాక్టరుకు చూపించాలి. (ఐరన్ బిళ్ళలు వాడేటప్పుడు మలం నల్లబడటం మామూలే. దానికి భయపడక్కర్లేదు.)

గర్భిణీ స్త్రీలకు ఎక్కువ

గర్భంతో ఉన్న ఐదుగురిలో ఒకరికి ఈ బాధ వస్తుంది. ముఖ్యంగా ఏడో నెల నుంచి ఎక్కువ. బిడ్డ ఎదగడానికి తల్లి నుంచే ఇనుము తీసుకుంటుంది. ఫోలిక్ ఆమ్లం కూడా తీసుకుంటుంది. తల్లి నిల్వలు తరిగిపోతాయి. చాలామందికి కాన్పు అయిన కొద్ది వారాల్లోనే బాధ పోతుంది.

ఉప కేంద్రంలో గర్భిణీలకు ఎర్ర బిళ్ళలు ఇస్తారు. ఒక్కో బిళ్ళలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. కాన్పు తర్వాత కూడా 180 రోజులు వేసుకోవాలి.

ఆ బిళ్ళలో మన తెలుగువాడి కష్టం కూడా ఉంది. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. స్ప్రూ అనే పేగుల జబ్బు ఆ ఇంటిని పట్టి పీడించింది. సోదరులు జబ్బులతో చిన్న వయసులోనే పోయారు. సుబ్బారావు అమెరికా వెళ్ళి పరిశోధనలు చేశారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది. ఈ రోజు లక్షల మంది గర్భిణీలు వేసుకునే బిళ్ళలో అది ఉంటుంది.

అయినా చాలా ఇళ్ళల్లో ఆ బిళ్ళలు అటక మీద పడి ఉంటాయి. "వేడి చేస్తుంది" అంటారు. "బిడ్డ నల్లగా పుడుతుంది" అంటారు. బిళ్ళకూ బిడ్డ రంగుకూ సంబంధం లేదు. కడుపులో వికారంగా ఉంటే అన్నం తిన్నాక వేసుకోవచ్చు. మానెయ్యకూడదు.

కిడ్నీలు చెడినప్పుడు

ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ.కొండూరు మండలం ఉంది. అక్కడి తండాల్లో ఎంతోమంది కిడ్నీ జబ్బు బారిన పడ్డారు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కూడా ఇదే కష్టం. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ రోగుల కోసం 200 పడకల ఆసుపత్రి తెరిచారు.

కిడ్నీలు బాగా చెడితే డయాలసిస్ చెయ్యాలి. అంటే యంత్రంతో రక్తం శుభ్రం చెయ్యడం. వారానికి రెండు మూడుసార్లు చేస్తారు. ప్రతిసారీ నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. డయాలసిస్ చేయించుకునే నలుగురిలో సుమారు ఒకరికి కాళ్ళ తీపుల జబ్బు ఉంటుంది. కాళ్ళు నిలవని మనిషి నాలుగు గంటలు ఎలా పడుకుంటాడు? కొందరు బాధ ఓర్చుకోలేక మధ్యలోనే లేస్తామంటారు. అలా లేస్తే రక్తం పూర్తిగా శుభ్రం కాదు. ప్రాణానికే ముప్పు.

అందుకే డయాలసిస్ రోగులు ఈ బాధను దాచుకోకూడదు. నర్సుకో డాక్టరుకో చెప్పాలి. వాళ్ళకు ఇనుము చూసి ఇస్తారు. మందు మారుస్తారు.

ఇంకో మాట. కాళ్ళ తీపులు ఉన్నంత మాత్రాన కిడ్నీలు చెడినట్టు కాదు. కానీ కాళ్ళ తీపులతో పాటు మొహం, పాదాలు వాస్తే, మూత్రం తగ్గితే ఆలస్యం చెయ్యకూడదు. రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించాలి.

ఇంకా ఏయే కారణాలు?

*వంశం.* అమ్మకు ఉంటే కూతురికి రావచ్చు. నాన్నకు ఉంటే కొడుక్కు రావచ్చు. చిన్న వయసులో మొదలైన వాళ్ళలో ఇది ఎక్కువ. ఇది ఎవరి తప్పూ కాదు. "మా అమ్మ కూడా ఇలాగే రాత్రుళ్ళు తిరిగేది" అన్న మాట డాక్టరుకు పనికొస్తుంది.

*షుగరు జబ్బు.* చక్కెర చాలాకాలం అదుపులో లేకపోతే పాదాల నరాలు దెబ్బతింటాయి. అరికాళ్ళలో మంట, సూదులు గుచ్చినట్టు ఉంటుంది. అది పగలూ రాత్రీ ఉంటుంది. నడిచినా పెద్దగా తగ్గదు. కొందరికి రెండూ కలిసి ఉంటాయి.

*కొన్ని మందులు.* జలుబుకు, దురదకు వాడే మత్తు బిళ్ళలు కొన్ని ఈ బాధను పెంచుతాయి. వాంతులకు ఇచ్చే మందులు కొన్ని, మనసు జబ్బులకు ఇచ్చేవి కొన్ని కూడా పెంచుతాయి. నిద్ర పట్టడం లేదని మందుల షాపులో అడిగి మత్తు బిళ్ళ వేసుకుంటారు. మత్తు ఉంటుంది. తీపులు ఎక్కువవుతాయి. రెండూ బాధే. కానీ మనసు జబ్బు మందులు సొంతంగా మానకూడదు. డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి.

*టీ, కాఫీ, సారా, పొగాకు.* సాయంత్రం పూట ఇవి బాధను పెంచుతాయి. "ఒక చుక్క వేసుకుంటే నిద్ర పడుతుంది" అనేవాళ్ళకు ముందు కునుకు పడుతుంది. నడిరేయి తీపులతో మెలకువ వస్తుంది.

కూర్చునే పని వల్ల వస్తుందా?

బొమ్మలు చేసేవాళ్ళకు ఈ అనుమానం రావచ్చు. బట్టలు కుట్టేవాళ్ళకు, బస్సులు నడిపేవాళ్ళకు కూడా రావచ్చు.

కూర్చునే పని ఈ జబ్బును పుట్టించదు. ఉన్న జబ్బును బయట పెడుతుంది. సంక్రాంతి, దసరా వస్తే బొమ్మలకు గిరాకీ పెరుగుతుంది. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంటారు. నిద్ర తగ్గుతుంది. టీలు పెరుగుతాయి. అప్పుడు తీపులు బాగా తెలుస్తాయి. రైల్లో, బస్సులో, సినిమా హాల్లో కూడా ఇంతే. కదిలే చోటు లేకపోతే బాధ ఎక్కువ.

అందుకని పని మానక్కర్లేదు. వేళ మార్చుకోవచ్చు. కదలకుండా కూర్చునే పని, అంటే రంగులు వెయ్యడం లాంటిది, పొద్దున పెట్టుకోవాలి. లేచి తిరిగే పని సాయంత్రానికి ఉంచుకోవాలి. అరగంటకొకసారి లేచి నాలుగు అడుగులు వెయ్యాలి.

ఎవరికి చెప్పాలి? ఎలా చెప్పాలి?

ఆశా కార్యకర్త ఇంటికి వచ్చింది. ఒక ఇల్లాలు ఇలా అడిగిందనుకోండి.

"అమ్మాయ్, రాత్రిళ్ళు కాళ్ళు పీకుతున్నాయే. నిద్ర లేదు. ఏదైనా బిళ్ళ ఇవ్వు."

"నొప్పా పిన్నీ? తీపులా?"

"నొప్పి కాదే. కాళ్ళు నిలవవు. లేచి తిరిగితే బాగుంటుంది."

"పగలు ఉంటుందా?"

"పగలేం ఉండదు. పడుకుంటేనే."

"అయితే నొప్పి బిళ్ళ పనిచెయ్యదు పిన్నీ. ముందు రక్తం చూపిద్దాం. రేపు పి.హెచ్.సి.కి రా."

ఆ అమ్మాయి సరిగ్గా అడిగింది. ఈ జబ్బును పట్టుకోవడానికి ఫోటో అక్కర్లేదు. స్కానింగ్ అక్కర్లేదు. నాలుగు ప్రశ్నలు చాలు. రక్త పరీక్ష మాత్రం కారణం తెలుసుకోవడానికి.

మొదటి పరీక్ష హిమోగ్లోబిన్. ఇది ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేస్తారు. ఆడవాళ్ళకు 12 గ్రాములు ఉండాలి. గర్భిణీలకు 11 ఉండాలి. మగవాళ్ళకు 13 ఉండాలి. అంతకంటే తగ్గితే రక్తహీనత.

రెండో పరీక్ష ఫెర్రిటిన్. ఇది ఒంట్లో ఇనుము నిల్వ ఎంత ఉందో చెబుతుంది. గాదె అడుగంటినా వంటింటి డబ్బాలో బియ్యం ఉండొచ్చు. అలాగే నిల్వ తరిగినా హిమోగ్లోబిన్ కొంతకాలం బాగానే కనిపిస్తుంది. "రక్తం బాగానే ఉంది" అని ఇంటికి పంపేస్తే అసలు సంగతి దొరకదు. అందుకే కాళ్ళ తీపులు ఉన్నవాళ్ళకు ఫెర్రిటిన్ కూడా చూడాలి. ఇది అన్ని చోట్లా చెయ్యరు. విజయవాడ లాంటి పట్నంలో పెద్ద ఆసుపత్రిలో చేస్తారు. ఈ జబ్బులో ఫెర్రిటిన్ 75 గాని అంతకంటే తక్కువ గాని ఉంటే డాక్టర్లు సాధారణంగా ఇనుము ఇస్తారు.

వైద్యం ఏమిటి?

ఇనుము తక్కువగా ఉంటే ఐరన్ బిళ్ళలు ఇస్తారు. నాలుగు రోజుల్లో గుణం కనిపించదు. వారాలు, నెలలు పడుతుంది. ఓపిక పట్టాలి. బిళ్ళలు పడని వాళ్ళకు నరం ద్వారా ఎక్కిస్తారు. అది ఆసుపత్రిలోనే చెయ్యాలి.

ఇనుము మంచిదని పరీక్ష లేకుండా ఏళ్ళ తరబడి మింగకూడదు. ఎక్కువైతే కాలేయానికి చెడు. బిళ్ళలు పిల్లలకు అందనివ్వకూడదు. పసిపిల్లలు మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

ఇనుము సరిపడా ఉన్నా బాధ తగ్గకపోతే వేరే మందులు ఉన్నాయి. వాటిని డాక్టరే రాయాలి. వాటిలో కొన్ని మొదట చక్కగా పనిచేస్తాయి. కొన్నేళ్ళు వాడాక తీపులు ముందు వేళకే రావడం మొదలవుతుంది. రాత్రి వచ్చేవి మధ్యాహ్నమే వస్తాయి. చేతులకూ పాకుతాయి. అప్పుడు మోతాదు సొంతంగా పెంచుకోకూడదు. డాక్టరుకు చెప్పి మందు మార్పించుకోవాలి.

ఇంట్లో ఏం చెయ్యొచ్చు?

తోటకూర, మునగాకు, గోంగూర వండుకోవాలి. సజ్జలు, నువ్వులు, సెనగలు, అలసందలు తినాలి. మాంసం తినేవాళ్ళకు కార్జం, మాంసం, చేపలు మంచివి. మాంసంలోని ఇనుము ఒంటికి త్వరగా పడుతుంది.

ఆకుకూర తిన్నప్పుడు నిమ్మకాయ పిండుకోవాలి. ఉసిరికాయ, జామకాయ తినాలి. వీటిలోని పులుపు సత్తువ ఇనుమును ఒంటికి పట్టిస్తుంది.

అన్నం తిన్న వెంటనే టీ తాగకూడదు. ఐరన్ బిళ్ళ టీతోనూ పాలతోనూ వేసుకోకూడదు. కాల్షియం బిళ్ళ కూడా వేస్తుంటే రెండు గంటలు ఎడం ఉండాలి.

పొలానికి, దొడ్డికి వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకోవాలి. మరుగుదొడ్డి వాడాలి. నులిపురుగుల మందు పిల్లలకు బడిలో, అంగన్‌వాడీలో ఇస్తారు. తప్పకుండా వేయించాలి.

పడుకునే ముందు కాసేపు నడవాలి. పిక్కలు సాగదియ్యాలి. గోరువెచ్చని నీళ్ళతో కాళ్ళు కడుక్కోవాలి. కొందరికి చన్నీళ్ళు హాయినిస్తాయి. నూనెతో మర్దన చేసుకోవచ్చు. మరీ బిగించి మాత్రం కట్టకూడదు. రక్తం ఆడకపోతే కాలికి చేటు.

రోజూ ఒకే వేళకు పడుకోవాలి. ఒకే వేళకు లేవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంట్లో వాళ్ళ మాట. రాత్రి లేచి తిరిగే మనిషిని కసురుకోకూడదు. రాత్రంతా నిద్రలేని కోడలు పొద్దున ఆలస్యంగా లేస్తే అది బద్ధకం కాదు. ఆమెకు కావలసింది తిట్లు కాదు, రక్త పరీక్ష.

గుర్తుంచుకోండి

- పడుకుంటే మొదలై, నడిస్తే తగ్గి, రాత్రి ఎక్కువయ్యే కాళ్ళ బాధ ఒక జబ్బు. అది గాలి కాదు, వేషం కాదు.
- మొదట ఇనుము చూపించాలి. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెర్రిటిన్ కూడా చూడాలి.
- గర్భిణీలు ఎర్ర బిళ్ళలు మానకూడదు.
- డయాలసిస్ రోగులు ఈ బాధను దాచకూడదు.
- నిద్ర బిళ్ళలు, నొప్పి బిళ్ళలు సొంతంగా కొని వాడకూడదు.

కొత్త మాటలు

రక్తహీనత: రక్తంలో ఎర్రదనం తగ్గడం
ఫెర్రిటిన్: ఒంట్లో ఇనుము నిల్వను చెప్పే పరీక్ష
డయాలసిస్: యంత్రంతో రక్తం శుభ్రం చెయ్యడం
డోపమిన్: మెదడులో పనిచేసే ఒక రసాయనం

చర్చించండి

1. పిక్క పట్టేయడానికీ కాళ్ళ తీపులకూ తేడా ఏమిటి?
2. మీ ఊళ్ళో ఐరన్ బిళ్ళలు ఎంతమంది గర్భిణీలు వేసుకుంటున్నారు? మానేసినవాళ్ళు ఎందుకు మానేశారు?
3. మీ ఇంట్లో ఆఖరున అన్నం తినేది ఎవరు? ఆ పళ్ళెంలో కూర ఎంత మిగులుతోంది?